దావూద్ రోజా: ఒకనాడు ఒక్కపొద్దు, ఒకనాడు విడుపు

దావూద్ ప్రవక్త పద్ధతిలో ఒకరోజు ఉండి ఒకరోజు విడిచే రోజా (ఉపవాసం) దావూద్ రోజా. అది మహా కఠినమైనదని చాలామందికి ఒక భయం. అది మనలాంటివాళ్ళకు కాదులే అని పక్కన పెట్టేస్తారు. ఆ మాట హదీసులో (ముహమ్మద్ ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనలో) ఏ సందర్భంలో వచ్చిందో చూస్తే సంగతి తిరగబడుతుంది. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ అనే యువ సహాబీ (ప్రవక్త సహచరుడు) రోజూ ఉపవాసం ఉంటూ, రాత్రంతా నమాజులో నిలబడుతూ ఉండేవారు. ఆ సంగతి దైవప్రవక్త (స) చెవిన పడింది. ఆయన్ని పిలిచి, నీ ఒంటికి నీ మీద హక్కుంది, నీ కళ్ళకు హక్కుంది, నీ భార్యకు హక్కుంది, ఇంటికొచ్చే అతిథికి హక్కుంది అని చెప్పి, నెలకు మూడు రోజులు ఉండు చాలన్నారు. నేను అంతకంటే ఎక్కువ చేయగలనని అబ్దుల్లాహ్ పట్టుబట్టారు. అయితే ఒకరోజు ఉండి రెండు రోజులు విడువు అన్నారు. ఇంకా చేయగలనన్నారు. సరే, ఒకరోజు ఉండి ఒకరోజు విడువు, అది దావూద్ (అలైహిస్సలాం) ఉపవాసం, దానికి మించింది లేదు అన్నారు. అంటే దావూద్ రోజా అనేది అతి చేసేవారికి గీసిన చివరి గీత. దాని అవతల ఎక్కడానికి మెట్టు లేదు.

ఆ హదీసులోనే ఇంకో మాట ఉంది. దావూద్ ఒకరోజు ఉపవాసం ఉండేవారు, ఒకరోజు విడిచేవారు, శత్రువు ఎదురైతే వెన్ను చూపేవారు కాదు. ఉపవాసం గురించి చెబుతూ మధ్యలో యుద్ధం మాట ఎందుకొచ్చిందో నిలిచి ఆలోచించాలి. దావూద్ (అ) ప్రవక్త మాత్రమే కాదు, రాజు. గోలియాతు అనే జాలూత్‌ను చంపినవాడు. అల్లాహ్ ఆయనకు రాజ్యాన్నీ వివేకాన్నీ ఇచ్చాడని ఖుర్ఆన్ రెండో సూరా (అధ్యాయం) 251వ ఆయత్ (వాక్యం) చెబుతుంది. తగువులు తీర్చాలి, సైన్యాన్ని నడపాలి, పైగా సొంత చేతి సంపాదనే తినేవారని బుఖారీ సంకలనంలో హదీసు. ఇన్ని పనులున్న మనిషికి సరిపడేలా ఉన్న ఉపవాసం ఇది. విడుపు రోజు ఇందులో ఖాళీ రోజు కాదు, ఉపవాసంలో సగం అదే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా పద్ధతంతా తేలిగ్గానే ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు పాత బాకీ చూసుకోండి. రంజాన్‌లో జబ్బు వల్లో, ప్రయాణం వల్లో, నెలసరి వల్లో తప్పిన రోజాలుంటే ఆ ఖజా తీర్చడం ముందు. ఫర్జ్ (తప్పనిసరి) బాకీ పెట్టుకుని నఫిల్ (ఐచ్ఛికం) మీద పడటం క్రమం కాదు.

ఆ తర్వాత మెట్లు. వీటిని మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, అబ్దుల్లాహ్ హదీసులోనే ఉన్నాయి. మొదటి రెండు మూడు నెలలు నెలకు మూడు రోజాలు, చాంద్రమానం 13, 14, 15 తేదీల్లో. తర్వాత ఒక నెలా రెండు నెలలు, ఒకరోజు ఉండి రెండు రోజులు విడుపు. అది ఇబ్బంది లేకుండా నడిచాకే ఒకటి విడిచి ఒకటి. రంజాన్ అయిపోయిన ఊపులో నేరుగా మూడో మెట్టు ఎక్కినవాళ్ళు సాధారణంగా నెల తిరక్కుండానే వదిలేస్తారు. రంజాన్‌లో ఇల్లంతా, వీధంతా మీతోపాటు ఉపవాసం ఉంటుంది, ఆఫీసులో కూడా వేళలు కాస్త సర్దుతారు. మామూలు రోజుల్లో మీరొక్కరే సహరీకి (తెల్లవారుజామున తినే భోజనానికి) లేవాలి, పక్క సీటులో టిఫిన్ బాక్సు తెరుచుకుంటుంది. ఆ తేడాను తక్కువగా అంచనా వేయకండి.

కాలం కూడా చూసుకోండి. హైదరాబాదులో డిసెంబరు చివర్లో ఫజర్ (ఉపవాసం మొదలయ్యే వేకువ) ఇంచుమించు 5:21కి, మగ్రిబ్ (సూర్యాస్తమయం) 5:45కి అనుకుంటే ఉపవాసం 12 గంటల 24 నిమిషాలు. జూన్ చివర్లో 4:17 నుంచి 6:53 దాకా 14 గంటల 36 నిమిషాలు. రెండు గంటలు పైచిలుకు తేడా, దానికి ఎండ తోడు. కనుక కార్తీకం చలి మొదలయ్యాక ఆరంభించి, వేసవి వచ్చేసరికి ఒంటికి అలవాటయ్యేలా చూసుకోవడం తెలివైన పని. రెంటచింతల, కొత్తగూడెం వంటి చోట్ల ఎండలో కూలి చేసేవారు, డెలివరీ బండి నడిపేవారు ఏప్రిల్, మే నెలల్లో కింది మెట్టుకు దిగడంలో తప్పు లేదు. ఇది నఫిల్, ఫర్జ్ కాదు.

రోజులు లెక్కపెట్టడం

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. బేసి తేదీల్లో ఉంటాను, సరి తేదీల్లో విడుస్తాను అని పెట్టుకుంటారు. జనవరి 31 బేసి, ఫిబ్రవరి 1 కూడా బేసి. వరుసగా రెండు రోజాలు పడతాయి, నెల మారినప్పుడు క్రమం తప్పుతుంది. హిజ్రీ తేదీలతో చేసినా 29 రోజుల నెలలో ఇదే చిక్కు. సోమ, బుధ, శుక్ర అని వారాలతో కట్టేస్తే ఆదివారం దగ్గర తెగుతుంది, ఎందుకంటే వారానికి ఏడు రోజులు. గోడ క్యాలెండర్ మీద ఒక గడి విడిచి ఒక గడిలో చుక్క పెట్టుకుంటూ పోవడమే నమ్మకమైన పద్ధతి. రెండు వారాలకు ఒక చుట్టు తిరుగుతుంది: ఒక వారం ఆది, మంగళ, గురు, శని, మరుసటి వారం సోమ, బుధ, శుక్ర.

అలా చేస్తే రెండు వారాలకోసారి జుమా రోజు ఉపవాసం వస్తుంది, ముందు రోజూ వెనక రోజూ విడుపే. ఒక్క శుక్రవారాన్నే ఎంచి ఉండొద్దన్న హదీసు ఉంది కదా అని కొందరు ఆ రోజు మానేస్తారు. అక్కర్లేదు. మామూలుగా ఉండే ఉపవాసం ఆ రోజు వచ్చి పడితే ఫరవాలేదని ఆ హదీసే మినహాయించింది. షాబాన్ చివరి ఒకటి రెండు రోజుల సంగతి కూడా అంతే. రంజాన్‌కు ముందు ఒకటి రెండు రోజులు ఎదురెళ్ళి ఉండొద్దన్న హదీసులోనే, అలవాటుగా ఉండేవారు ఉండవచ్చని ఉంది.

విడిచి తీరాల్సిన రోజులు ఏడాదికి ఐదు: షవ్వాల్ 1న ఈదుల్ ఫిత్ర్, జిల్ హజ్ 10న బక్రీద్, ఆ వెంటనే 11, 12, 13. ఈ రోజుల్లో ఉపవాసం నిషిద్ధం, మీ వంతు వచ్చినా సరే. రంజాన్ ఎలాగూ రోజూ ఉంటారు. కనుక షవ్వాల్ 2నో, జిల్ హజ్ 14నో మళ్ళీ చుక్కలు మొదలుపెట్టండి. హిజ్రీ ఏడాదిలో 354 రోజులు. అందులో రంజాన్‌నూ ఈ ఐదింటినీ తీసేస్తే 319 మిగులుతాయి, సగమంటే దాదాపు 160 రోజాలు. మొదలుపెట్టే ముందు ఈ అంకెను ఒకసారి సూటిగా చూసుకోండి.

జిల్ హజ్ 9న అరఫా రోజో, ముహర్రం 10న ఆషూరానో విడుపు రోజున పడితే? ఆ రోజు ఉండవచ్చు, వాటి ఘనత వేరు. కానీ ప్రతి సోమవారాన్నీ గురువారాన్నీ కూడా కలిపేసుకుంటే అది దావూద్ రోజా కాకుండా పోతుంది. వరుసగా రెండు మూడు రోజులు పడి, విడుపు మాయమవుతుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

జ్వరమొచ్చి, ఊరెళ్ళి ఒక వంతు తప్పితే మర్నాడు ఉండి అక్కణ్ణుంచి కొనసాగించండి. తప్పిన రెండు మూడింటినీ పోగేసి వరుసగా ఉండేయాలని చూడకండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: అసలు మొదలుపెట్టని నఫిల్‌కు బాకీ లేదు, మొదలుపెట్టి మధ్యలో విడిస్తే హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారం దానికి బదులు ఇంకోరోజు ఉండాలి. షాఫయీల దగ్గర అది తప్పనిసరి కాదు. తెలుగునాట ఎక్కువమంది హనఫీలే కాబట్టి, వలీమా (పెళ్ళి విందు) పిలుపో, ఇంటికి బంధువులో ఉన్నారని ముందే తెలిస్తే ఆ ఉదయం సంకల్పం చేయకపోవడమే సులువు.

నియ్యత్ (సంకల్పం) రాత్రే చేసుకోవడం మేలు. మరచిపోయి పడుకుంటే, ఫజర్ నుంచి ఏమీ తినకుండా తాగకుండా ఉన్నట్టయితే, పగలు సగం కాకముందు చేసుకున్నా నఫిల్‌కు సరిపోతుంది. మరచిపోయి తినేస్తే రోజా చెడదు. గుర్తు రాగానే నోట్లోది ఉమ్మేసి కొనసాగించాలి. భర్త ఇంట్లో ఉన్నప్పుడు భార్య నఫిల్ రోజా ఉండాలంటే అతని సమ్మతి కావాలని హదీసు. ఇన్ని రోజుల మాట కనుక ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. భార్య హక్కు సంగతి అబ్దుల్లాహ్‌కు చెప్పిన మాటల్లో ఉండనే ఉంది, మగవాళ్ళు అది మరవకూడదు.

తిండి

సహరీ మానేసి పడుకోవడం మొదటి తప్పు. ఒక గ్లాసు నీళ్ళు, రెండు ఖర్జూరాలతోనైనా లేవండి, అందులో బర్కత్ (శుభం) ఉందని హదీసు. అజాన్‌కు ఇంకా గంటన్నర ఉండగా తినేసి పడుకోవడం కంటే ఆలస్యంగా తినడమే సున్నత్ (ప్రవక్త పద్ధతి). ప్రవక్త (స) సహరీకీ నమాజుకూ మధ్య యాభై ఆయత్‌లు చదివేంత వ్యవధి ఉండేదని జైద్ బిన్ సాబిత్ చెప్పారు. నిదానంగా చదివితే అది పది పదిహేను నిమిషాలు.

పళ్ళెంలో ఏముండాలంటే: రెండు జొన్నరొట్టెలో చపాతీలో, పప్పో గుడ్డో, చిన్న గిన్నెడు పెరుగు. పెరుగన్నం తినేవాళ్ళు అందులో ఆవకాయ ముక్క వేసుకోకండి. ఊరగాయ, అప్పడం, మిగిలిన బిర్యానీ తింటే ఉదయం పది గంటలకే నోరు పిడచకట్టుకుపోతుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు కొంచెం కొంచెంగా తాగాలి. చివరి ఐదు నిమిషాల్లో లీటరు నీళ్ళు గటగటా తాగితే గంటలో పోయేవి పోతాయి, మిగిలేది పొట్ట ఉబ్బరమే.

మొదటి రెండు వారాలు మధ్యాహ్నం తలనొప్పి వస్తే అది చాలాసార్లు ఆకలిది కాదు, టీది. రోజుకు నాలుగు కప్పులు తాగేవారు ముందు వారం రోజుల్లో రెండుకు దిగి, ఆ తర్వాత మొదలుపెట్టండి. విడుపు రోజున కూడా రెండే తాగాలి. లేకపోతే ఒకరోజు నాలుగు, ఒకరోజు సున్నా అవుతుంది, ఆ తలనొప్పి ఎప్పటికీ పోదు.

విడుపు రోజు ఇంకో ఉచ్చు కూడా ఉంది: నిన్న తిననిది ఈరోజు కలిపి తినడం. ఆ రోజు మామూలు మూడు పూటలే తినండి. అలాగని విడుపు రోజు కూడా సగం పస్తుండి ఉపవాసం లాగా గడిపేయడమూ తప్పే. దావూద్ (అ) ఆ రోజు తినేవారు.

ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడక్కుండా దీని జోలికి రాకూడదు. మధుమేహం ఉండి డాక్టరు సరే అన్నవారు కూడా రక్తంలో చక్కెర 70 కంటే దిగినా, 300 దాటినా వెంటనే విడవాలి. సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా చెడదు.

దావూద్ నమాజు: రాత్రిని ఆరు భాగాలు చేయడం

ఉపవాసం చెప్పిన హదీసే నమాజు కూడా చెప్పింది. దావూద్ (అ) సగం రాత్రి పడుకునేవారు, మూడో వంతు నిలబడేవారు, ఆరో వంతు మళ్ళీ పడుకునేవారు. ఇది విన్నప్పుడు చిక్కు లెక్కలా ఉంటుంది గానీ నిజానికి ఒక్క భాగహారమే. మగ్రిబ్ నుంచి ఫజర్ దాకా ఎన్ని నిమిషాలో చూసి ఆరుతో భాగించండి. మూడు భాగాలు నిద్ర, రెండు భాగాలు నమాజు, ఒక భాగం నిద్ర.

పైన చెప్పిన డిసెంబరు రాత్రే తీసుకుందాం. సాయంత్రం 5:45 నుంచి ఉదయం 5:21 దాకా 696 నిమిషాలు, ఆరో వంతు 116. మూడు భాగాలు 348 నిమిషాలు, అంటే 11:33కి లేవాలి. రెండు భాగాలు 232 నిమిషాలు, 3:25 దాకా నమాజు. మిగిలిన 116 నిమిషాలు ఫజర్ దాకా నిద్ర. జూన్ రాత్రి 564 నిమిషాలు, ఆరో వంతు 94. లేవడం 11:35కి, ముగింపు 2:43కి.

రెండు లెక్కల్లో లేచే వేళ చూడండి, 11:33, 11:35. హైదరాబాదులో ఏడాది పొడవునా ఈ వేళ రాత్రి 11:20, 11:55 మధ్యే ఉంటుంది. మారేది నమాజు పొడవూ చివరి నిద్రా మాత్రమే. విశాఖపట్నం తూర్పున ఉంది కనుక అక్కడ ఇరవై నిమిషాలు ముందే వస్తుంది. అంటే అలారం రోజూ మార్చే పని లేదు. ఉన్నదల్లా ఇషా (రాత్రి నమాజు) చదివిన వెంటనే ఫోన్ పక్కన పెట్టి పడుకోవడం. పదకొండు దాకా మేలుకుని 11:33కి లేద్దామనుకుంటే ఎవరివల్లా కాదు.

నాలుగు గంటలు నిలబడలేరు కదా, మొదట వద్దు కూడా. ఇరవై నిమిషాల్లో రెండేసి చొప్పున నాలుగు రకాత్‌లు, ఆపైన విత్ర్ (రాత్రి చివర చదివే బేసి సంఖ్య నమాజు), అంతే చదివి మళ్ళీ పడుకోండి. లేస్తామన్న నమ్మకం లేని రోజుల్లో విత్ర్ ఇషాతోనే చదివేయాలి. చివరి నిద్రను మాత్రం తీసేయకండి. ఆ ఆరో వంతే మనిషిని ఫజర్‌కు తాజాగా నిలబెడుతుంది, రాత్రంతా జాగారం చేశాడన్న గుర్తు మొహం మీద లేకుండా చేస్తుంది. రోజా ఉన్న రాత్రి ఈ నిద్ర నుంచి సహరీ కోసం అరగంట ముందు లేవాల్సి వస్తుంది. అందుకే ఉపవాసాన్నీ ఈ నమాజునూ ఒకే నెలలో మొదలుపెట్టవద్దు. రెండూ విడివిడి ఇబాదత్‌లు (ఆరాధనలు), ఒకటి కుదురుకున్నాక రెండోది.

ఈ నమాజులో సూరా సాద్ చదివేవారు 24వ ఆయత్ దగ్గర ఆగాలి. దావూద్ (అ) క్షమాపణ కోరి సాష్టాంగపడిన చోటు అది, హనఫీల దగ్గర అక్కడ సజ్దా (సాష్టాంగం) వాజిబ్ (విధి).

పేరు పెట్టేవారికి

ఖుర్ఆన్‌లో దావూద్ పేరు పదహారు చోట్ల వస్తుంది. అరబీలో రాస్తే దాల్, అలిఫ్, వావ్, దాల్, నాలుగే అక్షరాలు, ఏదీ తన తర్వాతి అక్షరంతో కలవదు. కలం ప్రతిసారీ ఎత్తాల్సిందే. పలికేది వూ అని దీర్ఘంగా, రాసేది ఒక్క వావ్. కొందరు రెండు వావ్‌లు పెడతారు, ఖుర్ఆన్ రాతలో ఒకటే. అసలు తలనొప్పి ఇంగ్లిషు స్పెల్లింగుతో. ఒకే పేరుకు నాలుగైదు రకాలు వాడుకలో ఉన్నాయి. జనన ధ్రువపత్రంలో ఏది రాయించారో అదే ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఉండేలా మొదటిరోజే కాగితం మీద రాసిపెట్టుకోండి. తెలుగులో దావూద్ అని దీర్ఘంతో రాస్తే పలుకుబడికి దగ్గరగా ఉంటుంది. తెలుగు క్రైస్తవులు దావీదు అనేది ఈయననే.

పేరు ఇంకా చాలా చోట్లకు పాకింది. మంచి గొంతును ఉర్దూలో లహ్న్-ఎ-దావూదీ అంటారు. ఆయన తనకు దిగిన గ్రంథం జబూర్ పఠిస్తుంటే కొండలూ పక్షులూ గొంతు కలిపేవి కదా. మన చామంతి ఉర్దూలో గుల్-ఎ-దావూదీ. దావూదీ బోహ్రాల (ఒక షియా శాఖ) పేరు మాత్రం నేరుగా ప్రవక్త నుంచి రాలేదు, వారి 27వ దాయీ (మతగురువు) దావూద్ బిన్ ఖుతుబ్‌షా పేరు మీద వచ్చింది.

ఒంట్లో ఓపిక తగ్గాక

34వ సూరాలో దావూద్ (అ) కోసం ఇనుమును మెత్తన చేశామని, కవచాలు చేసి కడియాలను కొలత ప్రకారం కూర్చమని చెప్పామని ఉంది. ఆ కొలత ఏమిటో వ్యాఖ్యాతలు వివరించారు. కడియాన్ని మూసే మేకు సన్నగా ఉంటే వదులై జారిపోతుంది, లావుగా ఉంటే కడియమే పగిలిపోతుంది. రోజాల కొలత కూడా అలాగే చూసుకోవాలి. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ ముసలితనంలో, ఆనాడు ప్రవక్త (స) ఇచ్చిన సడలింపు తీసుకుని ఉంటే ఎంత బాగుండేది అనేవారు. అయినా వదల్లేదు. నీరసంగా ఉన్నప్పుడు కొన్ని రోజులు వరుసగా విడిచి, ఎన్ని విడిచారో లెక్కపెట్టుకుని, బలం వచ్చాక అన్ని రోజులూ ఉండేవారు. ఏళ్ళుగా ఈ రోజా పాటిస్తూ ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి మోయలేకపోతున్నవారు ఆయన చేసినట్టే చేయవచ్చు: ఐదు రోజులు విడుపు, క్యాలెండర్‌లో ఐదు సున్నాలు, తేరుకున్నాక ఐదు చుక్కలు.